జన్యువు పేరు తేదీగా మారిపోయిన కథ

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. పేర్ల గురించి మాట్లాడుకుందాం. ఒకే పట్టికను వేలమంది కలిసి వాడుకుంటున్నప్పుడు అందులో పేర్లు ఎవరు పెట్టాలి? ఎప్పుడు మార్చాలి? మన శరీరంలోని జన్యువులకు పేర్లు పెట్టిన చరిత్ర చూస్తే దీనికి మంచి జవాబు దొరుకుతుంది.

మానవ జన్యువుల పేర్లకు 1979లోనే నియమాలు రాశారు. ఆ పని చూసే కమిటీని హెచ్‌జీఎన్‌సీ అంటారు. అయినా చాలాకాలం ఎవరు కనిపెడితే వాళ్లే పేరు పెట్టేవారు. 1990ల మొదట్లో ఏమైందంటే, కణ విభజనకు బ్రేకు వేసే ఒక జన్యువును వేర్వేరు ల్యాబులు విడివిడిగా పట్టుకున్నాయి. ఒకరు వాఫ్1 అన్నారు, ఒకరు సిప్1 అన్నారు, ఇంకొకరు ఎస్‌డీఐ1 అన్నారు. ఒకే పిల్లాడికి ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు ఉన్నట్టన్నమాట. ఇంట్లో అయితే ఫర్వాలేదు. ఇక్కడ మాత్రం ఒక పేరుతో వెతికినవాడికి మిగతా పేర్లతో జరిగిన పని కనబడదు. చివరికి దానికి సీడీకేఎన్1ఏ అనే అధికారిక పేరు స్థిరపడింది.

కొందరు సరదాకి కూడా పేర్లు పెట్టారు. 1993లో ఒక జన్యువుకు వీడియో గేమ్‌లోని పాత్ర పేరు పెట్టేశారు: సోనిక్ హెడ్జ్‌హాగ్. అయితే మనుషుల్లో ఆ జన్యువు దెబ్బతింటే కడుపులో బిడ్డ మెదడు రెండు భాగాలుగా సరిగ్గా విడిపోదు. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాల్సిన డాక్టరు పరిస్థితి ఊహించండి. ల్యాబులో నవ్వు తెప్పించిన పేరే ఆసుపత్రిలో నోటికి రాదు.

ఇక పంచుకోవడం సంగతికొద్దాం. 1996 ఫిబ్రవరిలో మానవ జీనోమ్ ప్రాజెక్టు శాస్త్రవేత్తలు బెర్ముడాలో సమావేశమయ్యారు. వెయ్యి అక్షరాలు దాటిన డీఎన్‌ఏ వరుస ఏది సిద్ధమైనా, 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టేయాలని ఒప్పుకున్నారు. చాలా గొప్ప నిర్ణయం. కానీ ఒకసారి సమాచారం అందరిదీ అయ్యాక, అది ఎవరి కంప్యూటర్‌లో ఎలా తెరుచుకుంటుందో పెట్టినవాళ్ల చేతిలో ఉండదు కదా!

అక్కడే అసలు తిప్పలొచ్చింది. ఇంగ్లిష్‌లో మార్చ్1, సెప్ట్2 అని రాసే జన్యువులున్నాయి. ఎక్సెల్‌లో ఆ పేర్లు కొడితే అది మార్చి ఒకటో తేదీ, సెప్టెంబరు రెండో తేదీ అనుకుంటుంది. అనుకుని ఊరుకోదు, మార్చేస్తుంది. మనల్ని అడగదు కూడా. 2004లోనే కొందరు పరిశోధకులు దీని గురించి హెచ్చరించారు. 2016లో ఆస్ట్రేలియాలో ఒక బృందం, జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన 3,597 పరిశోధన పత్రాలను పరీక్షించింది. వాటిలో 704 పత్రాల్లో ఈ తప్పు దొరికింది. అంటే దాదాపు ఐదింట ఒకటి!

వెనక్కి మార్చుకుంటే సరిపోదా అంటారేమో. సరిపోదు. ఎంఏఆర్‌సీ1 అనే ఇంకో జన్యువుంది. అదీ మార్చి ఒకటే అయిపోతుంది. తేదీ మాత్రమే మిగిలాక, ముందు అక్కడున్నది ఏ జన్యువో ఎవరు చెప్పాలి?

చివరికి 2020లో హెచ్‌జీఎన్‌సీ కొత్త నియమాలు ప్రకటించింది. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్2 సెప్టిన్2 అయింది, ఎంఏఆర్‌సీ1 ఎంటార్క్1 అయింది. సాఫ్ట్‌వేర్ కోసం సైన్సు తలవంచడమేమిటని కొందరికి కష్టం వేసింది. ఆ మార్పిడిని ఆపుకునే సదుపాయం ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. ఈలోగా పాడయ్యే పట్టికలకు జవాబుదారీ ఎవరు?

నాకు నచ్చిందేమిటంటే ఆ కమిటీ పేర్లు మార్చిన తీరు. పాత పేరును చెరిపేయలేదు. కొత్త పేరు పక్కనే “పాత పేరు” అని ఉంచారు, కాబట్టి పాత పత్రాలు చదివేవాళ్లు దారి తప్పరు. పైగా ప్రతి జన్యువుకూ ఒక నంబరుంటుంది. పేరు మారినా ఆ నంబరు మారదు. మారిస్తే ఎందుకు మార్చారో రాసిపెట్టి, అందరికీ చెబుతారు.

మీరు మీ ఊరి శాసనాల జాబితా తయారుచేస్తున్నా, వంశవృక్షం రాస్తున్నా, నలుగురూ దిద్దే పట్టిక ఏదైనా ఇదే పద్ధతి. నంబరు కదపకండి, పాత పేరు చెరపకండి, మార్పుకు కారణం రాయండి. పేరు పెట్టేది మనమే అయినా, దాన్ని వాడేది మనం ఎప్పుడూ చూడని మనుషులు. వాళ్లు ఫోన్ చేసి మనల్ని అడగలేరు కదా.

ఈరోజుకి ఇంతే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.