ఊరి లెక్కలో వాడ ఎక్కడ?

ఒక ఊరికి ఏ వైద్యం కావాలో ఎవరు తేల్చాలి? ఊళ్ళో వున్నవాళ్ళని అడిగి తేల్చాలని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. ప్రభుత్వం కూడా కాగితం మీద ఒప్పుకుంది. అయితే ‘ఊరు’ అనే మాటలో మాలపల్లె, మాదిగ గూడెం వున్నాయా లేవా అనేది మాత్రం ఎప్పుడూ విడిగా అడగాల్సిన ప్రశ్నగానే మిగిలిపోయింది. ఆరోగ్య అవసరాల అంచనా చరిత్రని మేము ఈ ప్రశ్న దగ్గర్నుంచే చదవదలచుకున్నాం.

ఈ చరిత్రని భోర్ కమిటీతో మొదలుపెట్టడం ఆనవాయితీ. మేం ఇంకొంచెం వెనక్కి, నీళ్ళ దగ్గరికి పోతాం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 ప్రాంతాల్లో ‘అణగారిన వర్గాల’ బాధ్యతని లేబర్ డిపార్టుమెంటుకి అప్పజెప్పారు. ఇళ్ళ స్థలాలు ఇప్పించడం, బడులు పెట్టడం, బావులు తవ్వించడం దాని పని. పేటల్లో తాగేందుకు నీళ్ళు లేవని సర్కారు గుర్తించడం చిన్న విషయమేమీ కాదు. కానీ నీళ్ళు లేకపోవడమంటే ఏమిటి? ఊళ్ళో బావి వుంది, చెరువు వుంది. మాల మాదిగలు చేద వేయడానికి వీల్లేదు, అంతే. సర్కారు నీళ్ళ కొరతని కొలిచింది. అక్కడున్న అసలు కొరత హక్కుది. రోగాన్ని అట్లా గుర్తించారు గనక మందూ అట్లాగే వచ్చింది: వేరే బావి. అదే కాలంలో, 1924లో, ఆర్. వీరయ్యన్ మద్రాసు శాసన మండలిలో పట్టుబట్టి, ప్రభుత్వ రోడ్లూ బావులూ చెరువులూ అందరివీ అని తీర్మానం చేయించాడు. 1927లో అంబేద్కర్ మహాడ్ చెరువు నీళ్ళు తాగాడు. అవసరాన్ని ఎట్లా కొలవాలో ఈ ఇద్దరూ చెప్పారనే మేము అనుకుంటున్నాం. ప్రజారోగ్య చరిత్రలు రాసినవాళ్ళు సాధారణంగా వాళ్ళని సంఘ సంస్కరణ అధ్యాయంలో పెట్టి ఊరుకుంటారు.

భోర్ కమిటీని 1943లో వేశారు, 1946లో రిపోర్టు వచ్చింది. డబ్బు కట్టలేడని ఏ మనిషికీ వైద్యం ఆగగూడదన్న దాని సూత్రం ఇప్పటికీ మనకి పనికొచ్చేదే. మొదటి దశలో 40,000 జనాభాకి ఒక ప్రాథమిక కేంద్రం వుండాలంది. దూరపు లక్ష్యంగా పది ఇరవై వేల మందికి 75 పడకల ఆస్పత్రి వుండాలని కూడా అంది. ఆ రెండోది మన తాతలూ చూడలేదు, మనమూ చూడలేదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనాక బ్లాకుకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నారు. 1980ల నాటికి లెక్క కుదురుకుంది: మైదానంలో 30,000 మందికి ఒక కేంద్రం, 5,000 మందికి ఒక సబ్ సెంటరు, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 20,000కీ 3,000కీ ఒకటి.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. కొండెక్కి రావడం కష్టం గనక అక్కడ తక్కువ జనానికే కేంద్రం ఇవ్వాలని ప్లానింగు వాళ్ళకి తోచింది. మంచిదే. అంటే తలల లెక్క ఒక్కటీ చాలదని వాళ్ళకి తెలుసు. కొండ దూరం లెక్కలోకి వచ్చింది, కులం దూరం రాలేదు. మైదానంలో వాడ నుంచి సబ్ సెంటరుకి రెండు ఫర్లాంగులే వుండొచ్చు. ఆ రెండు ఫర్లాంగులూ ఎవరి వీధిలోంచి నడవాలి, అరుగు మీద ఎవరున్నారు, పురిటి మనిషిని అటునుంచి మోసుకుపోతే ఎవరేమంటారు అన్నవి ఏ ఫారంలోనూ లేవు. స్థలం దానమిచ్చిన ఆసామి ఇంటి పక్కనే బిల్డింగు లేచిందంటే, అవసరం ఎవరిదో అక్కడే తేలిపోయింది.

మరి ప్రభుత్వానికి వాడ అసలు కనపడలేదా? తనకి అవసరమైనప్పుడు బాగానే కనపడింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షల పైచిలుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పేదల దగ్గరికి, దళితుల దగ్గరికి, ముస్లిముల దగ్గరికి జీపులు వెతుక్కుంటూ వెళ్ళాయి.

ఆ టార్గెట్ల చదువు తప్పని తెలిసి 1996 ఏప్రిల్ నుంచి దేశమంతా వాటిని ఎత్తేశారు. 1997లో దానికి ‘సమాజ అవసరాల అంచనా పద్ధతి’ అని పేరు పెట్టారు. నర్సమ్మ ఊళ్ళో పెద్దల్నీ, పంచాయితీనీ, అంగన్‌వాడీ టీచర్నీ సంప్రదించి సబ్ సెంటరు ప్లాను రాయాలి. అవన్నీ కలిపితే పీహెచ్‌సీ ప్లాను, పీహెచ్‌సీలన్నీ కలిపితే జిల్లా ప్లాను. వినడానికి ఎంతో బాగుంది. అయితే అదే ఏడాది మన రాష్ట్రంలో జనాభా విధానం ప్రకటించారు, మళ్ళీ ఆపరేషన్ల సంఖ్యల వెంట పడ్డారు. ఇక సంప్రదించాల్సిన ‘ఊరి పెద్దలు’ ఎవరో మనకి చెప్పక్కర్లేదు.

అంచనా ఎట్లా వేస్తారో చూద్దాం. 5,000 జనాభా, వెయ్యికి 25 జననాలు అనుకుంటే ఏడాదికి 125 కాన్పులు. నిలవని గర్భాలకని పది శాతం కలిపితే సుమారు 137 మంది గర్భిణులు. నర్సమ్మ 110 మందిని నమోదు చేస్తే ఎనభై శాతం. మీటింగులో మెచ్చుకుంటారు. ఇప్పుడు ఆ ఐదు వేలల్లో వెయ్యి మంది వాడలో వున్నారనుకోండి. ఐదో వంతు, అంటే వాడ గర్భిణులు 27 మంది. 137లోంచి 110 తీసేస్తే మిగిలేది 27. ఒక్క వాడ గడప తొక్కకుండానే ఎనభై శాతం సాధించవచ్చన్నమాట! అన్నిచోట్లా ఇట్లాగే జరిగిందని మేము అనడం లేదు. జరిగినా ఆ లెక్కలో పట్టుబడదు అంటున్నాం.

ఇది వట్టి ఊహ అనేవాళ్ళకి రెండు సంగతులు. 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడాది నిండకుండా చనిపోయే బిడ్డలు వెయ్యికి షెడ్యూల్డు కులాల్లో 83, తెగల్లో 84, వెనుకబడిన తరగతుల్లో 76, మిగతావాళ్ళలో 62. ఇక 2006లో ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్ తదితరులు అచ్చేసిన అంటరానితనం సర్వే 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగింది. మూడో వంతు ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళకి రావడం లేదని తేల్చింది.

ఇక్కడ నర్సమ్మని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. గుంటూరులో అన్నా కుగ్లర్ కాలం నుంచీ మిషను ఆస్పత్రులు నర్సు పని నేర్పడంతో, కోస్తాలో ఎందరో దళిత క్రైస్తవ స్త్రీలు ఈ ఉద్యోగంలోకి వచ్చారు. అట్లాంటి నర్సమ్మ వాడకి వస్తుంది. ఆమెని గడప బయటే నిలబెట్టి సూది వేయించుకునేది ఊరు. ఈ సంగతి రాయడానికీ రిజిస్టర్లో చోటు లేదు.

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి కులాల సర్వే చేశారు. ఆ లెక్క రిజర్వేషన్ల చర్చకి పోయింది, పోవాల్సిందే. సబ్ సెంటరు దాకా మాత్రం రాలేదు. మన సంఘాలు, టీచర్లు, విద్యార్థులు తమ ఊళ్ళోనే ఒక పని చేయొచ్చు. ఒక్క ఏడాదిలో వాడలో ఎన్ని కాన్పులయ్యాయి, ఎన్ని ఇంట్లో, ఎన్ని ఆస్పత్రిలో, ఎంతమంది బిడ్డలు పోయారు, నర్సమ్మ ఎన్నిసార్లు వచ్చింది అన్నవి ఇంటింటికీ తిరిగి రాసుకుని, సబ్ సెంటరు రిజిస్టరు పక్కన పెట్టి చూడాలి. గ్రామసభలో ఆ రెండు లెక్కలూ పైకి చదవాలి. తేడా ఎంతుందో అప్పుడు వాళ్ళే చెబుతారు.