బొంబాయి తూర్పు రేవు: గోడ వెనుక సముద్రము

మన పాత ఖాందానులలో "బొంబాయి పోయినారు" అంటే ఒకప్పుడు రెండే అర్థాలుండేవి. ఒకటి కూలి పనికి, రెండవది హజ్ యాత్రకు. నిజాం ఇలాకా నుండి వెళ్ళిన మన కామాఠీ కూలీలు నివసించిన పేట గనుకనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చినది. హజ్ కు పోయే బుజుర్గులు రైలు దిగి, క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర సాబూ సిద్దీఖ్ ముసాఫిర్ ఖానా వంటి చోట్ల బస చేసి, కాగితాల పని ముగిశాక ఓడ ఎక్కేవారు. ఈ ఇరువురికీ తెలిసిన సముద్రము సినిమాలలో కనిపించే మెరీన్ డ్రైవ్ సముద్రము కాదు. అది పడమటి వైపుది. వీరు ఎరిగినది తూర్పున ఉన్న రేవు. దాని సంగతి మన పిల్లలకు తెలియవలెనని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

బందర్ అనేది ఫారసీ మాట, అనగా ఓడరేవు. మన మచిలీపట్నాన్ని బందరు అనేదీ అందుకే. బొంబాయి తూర్పు తీరమంతా మొదట ఇటువంటి చిన్న చిన్న బందర్లే. బజారు వీధి తిన్నగా నీటి దాకా పోయేది. పడవ నుండి దిగిన సరుకు నాలుగడుగులలో దుకాణం చేరేది. అక్కడి మస్జిద్ బందర్ పేరు వినగానే అది మన మస్జిదే అనుకుంటాము గానీ, ఆ పేరు 1796 నాటి యూదుల ప్రార్థనా మందిరాన్ని బట్టి వచ్చినదని చెబుతారు. అన్ని కౌముల వారూ కలిసి బతికిన రేవు అది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైంది. మన పత్తికి గిరాకీ పెరిగి బొంబాయిలో డబ్బు వరదలా పారింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. పెద్ద ఆవిరి ఓడలు రాసాగాయి. 1873లో పోర్ట్ ట్రస్టు ఏర్పడింది. 1875లో ససూన్ డాక్, 1880లో ప్రిన్స్ డాక్, ఆ పిమ్మట విక్టోరియా డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్ వచ్చాయి. ఈ చివరిదానికే నేడు ఇందిరా డాక్ అని పేరు. దానికై తవ్విన మట్టిని సముద్రంలో పోసి 22 ఎకరాల బల్లార్డ్ ఎస్టేట్ తయారు చేశారు. 1915లో పోర్టుకు సొంత రైలు కూడా వచ్చింది.

అసలు విషయం ఇక్కడే ఉన్నది. డాక్ వచ్చిందంటే సుంకం, సుంకం వచ్చిందంటే కాపలా, కాపలాకు గోడ, గేటు, పాసు. గోడ పక్కన గిడ్డంగులు, గిడ్డంగుల పక్కన రైలు పట్టాలు. ఇన్ని అడ్డాలు వచ్చాక డోంగ్రీలో, మజగాఁవ్ లో పుట్టి పెరిగిన మనిషికి నడిచి పోయేంత దూరంలో సముద్రమున్నా కంటికి కనబడదు! ఊరు పుట్టినది రేవు వల్ల, ఆ రేవే ఊరికి పరాయిదైనది.

ఆ గోడ అవతల ఏమి జరుగుతున్నదో ఊరికి ఒక్కసారిగా తెలిసిన రోజు 1944 ఏప్రిల్ 14. విక్టోరియా డాక్ లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామాను, దానితోపాటు కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళు ఉండినవి. పత్తికి నిప్పంటుకుని, సాయంత్రం నాలుగు దాటాక రెండు మార్లు ఓడ పేలిపోయింది. వందలాది కూలీలు, అగ్నిమాపక సిబ్బంది, చుట్టు పేటల జనం చనిపోయారు. ఓడలోని బంగారు కడ్డీలు ఎగిరి ఊరిమీద పడ్డాయి. యుద్ధకాలం గనుక వార్త చాలా రోజులు పత్రికలకు ఎక్కలేదు. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినము జరిపేది ఈ షహీదుల స్మృతికే.

గోడ దాటి లోపలికి పోగలిగిన సామాన్యులు కూలీల తరువాత హాజీలే. ఓడ యజమానుల దోపిడీ ఎక్కువైనదని 1886లో సర్కారు ఈ యాత్రల ఏర్పాటును థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. తరువాత చాలాకాలం మొగల్ లైన్ ఓడలే ఆధారం. జిద్దా చేరడానికి వారం పైగా పట్టేది. వీడ్కోలుకు వచ్చిన బంధువులు పూలదండలతో ధక్కా మీద ఏడుస్తూ నిలబడేవారని పెద్దలు చెప్పగా విన్నాము. తిరిగి వస్తామో రామో అన్న కాలమది. 1995లో ఓడ ప్రయాణము ఆగిపోయింది. బొంబాయి పేరు ముంబయి అయినదీ ఆ సంవత్సరమే.

అప్పటికే రేవు కళ తప్పింది. సరుకు పెద్ద పెద్ద కంటెయినర్లలో రావడంతో పాత డాకులు చాలలేదు. 1989లో అవతలి ఒడ్డున న్హావా శేవా రేవు ప్రారంభమై పని అటు పోయింది. ప్రిన్స్, విక్టోరియా డాకులను పూడ్చివేశారు. సుమారు 28 కిలోమీటర్ల తీరము, 1,800 ఎకరాల దాకా భూమి పోర్టు చేతిలో ఉన్నది. స్థలం కోసం మొహంవాచిన ఊళ్ళో ఇంత భూమి! 2014లో రాణీ జాదవ్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. తీరాన్ని ప్రజలకు తెరవాలని, తోటలు, నడకదారులు, పడవ రేవులు కావాలని అది చెప్పింది. 2018లో ప్రణాళిక ముసాయిదా వెలువడింది. 2020లో మాండ్వాకు కార్లు మోసే పడవ, 2024 జనవరిలో శివడీ నుండి అటల్ సేతు, 2025లో విహార ఓడల టెర్మినల్ వచ్చాయి. బాగానే ఉన్నది. కానీ విహార ఓడ టిక్కెట్టు కొనేది ఎవరు? దారూఖానాలో పాత ఓడలు విరిచే కూలీ కాదు గదా.

మా శంక అదే. పోర్టు భూమిమీద తరాలుగా గుడిసెలు వేసుకున్నవారు, గోదాముల కిరాయిదారులు, హమాలీలు వేలల్లో ఉన్నారు. లండనులో డాకులు మూతబడ్డాక, 1981లో ఏర్పడిన సంస్థ అక్కడ అద్దాల మేడలు రప్పించింది. పాత డాకు కూలీల బిడ్డలకు ఆ ఇళ్ళు అందలేదని అక్కడివారే మొరపెట్టుకున్నారు. గిడ్డంగుల గోడ తీసి ముప్పై అంతస్తుల గోడ కడితే డోంగ్రీ పిల్లవాడికి కనబడేదేమిటి? ముందు నడకదారి వేసి, ఉన్నవారికి అక్కడే ఇల్లిచ్చి, మిగిలితే మేడల మాట చూడాలని మా అభిప్రాయము.

మనవారు ఎవరైనా ముంబయి వెళ్తే మెరీన్ డ్రైవ్ తో సరిపెట్టుకోక, మజగాఁవ్ దగ్గర భావుచా ధక్కాకు కూడా పోవలెను. అక్కడ గేటూ పాసూ అడ్డం రావు. తెల్లవారుజామున చేపల వేలం జోరుగా సాగుతుంది, మోరా, రేవస్ వైపు లాంచీలు బయలుదేరుతుంటాయి.