తుప్పు పురుగు నుంచి తెగిపడే కత్తి దాకా

బత్తలపల్లిలో ధర్మవరం బస్సు కోసం నిలబడ్డ కుర్రోళ్లలో ఎవరో ఒకరు ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతూనే ఉంటారు. తూటా తగిలిన ప్రతిసారీ ఒంటిమీది వెస్టు కొంత అరుగుతుంది. ఈ అరుగుదల మాత్రం ఫోన్ల కంటే చాలా పాతది; పుట్టింది కాగితం మీద.

కాగితం మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్‌కు హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మలు దొరికాయి. అందులోని ఓ వింత జంతువే 1975 నాటి గ్రేహాక్ పుస్తకంలో 'రస్ట్ మాన్‌స్టర్' అయింది. దానికి కావలసింది మనిషి కాదు, ఇనుము. మీసం తగిలిందా, కవచం తుప్పే. తోలు చొక్కా వేసుకున్న దొంగకు ఏ భయమూ లేదు, వణికేదల్లా ఉక్కు తొడిగిన వీరుడే!

1980 ప్రాంతంలో వచ్చిన రోగ్ ఆటలో ఈ తుప్పు జంతువు తెరమీద ఒట్టి అక్షరం. అయినా అది కనబడగానే తెలివైన ఆటగాళ్లు కవచం విప్పేసి ఒట్టి ఒంటితో కొట్లాడేవారు. భలే ఎత్తు.

1990లో జపాన్ ఆట ఫైర్ ఎంబ్లమ్ ప్రతి కత్తికీ ఇన్ని దెబ్బలేనని లెక్క పెట్టింది. మంచి కత్తిని అల్పుడి మీద వాడాలా, దాచుకోవాలా?

1996 చివర్లో వచ్చిన డయాబ్లోలో గ్రిస్‌వోల్డ్ అనే కమ్మరి డబ్బు తీసుకుని ఆయుధాలు బాగుచేస్తాడు. యోధుడు సొంతంగానూ చేసుకోవచ్చు. కానీ కొలిమిలో సాగగొట్టిన కర్రులా, అలా చేసుకున్న ప్రతిసారీ ఆయుధం గరిష్ఠ మన్నిక తరుగుతుంది. 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో చస్తే సామాను మన్నిక పది శాతం కోత; బాగుచేయించాలంటే డబ్బు కట్టాలి. ఇలా ఊరికే జేబు కత్తిరించడం నా దృష్టిలో ఆట కాదు, పన్ను వసూలు.

1999లో సిస్టమ్ షాక్ 2 తుపాకులు మరీ త్వరగా మొరాయిస్తున్నాయని ఆటగాళ్లు గోలపెడితే, ఆ అరుగుదలను ఆపుకునే వీలు తర్వాత కల్పించారు. మైన్‌క్రాఫ్ట్‌లో చెక్క పికాసు 59 దెబ్బలకు నిలుస్తుంది, వజ్రానిది 1561కి. బంగారానిది 32కే ఖతం!

అసలు రచ్చ 2017లో, జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌తో. కత్తులు పోట్లాట మధ్యలోనే ముక్కలవుతాయి, కమ్మరి దుకాణం లేదు. తిట్టినవాళ్లు చాలామందే. నాకైతే అదే నచ్చింది: చేతిలోది పోగానే శత్రువు పడేసిన గదనో ఈటెనో అందుకోక తప్పదు. 2023లో తర్వాతి భాగం వచ్చినా విరగడం మానలేదు. కట్టెకు బండరాయి అతికించి సుత్తి చేసుకోమన్నారు, అంతే.