సరుకుల దారి, సరిహద్దు గీత: తిరువళ్ళూరు సీమలో ప్రపంచీకరణ

ప్రపంచీకరణ అనగానే 1991 నాటి ఆర్థిక సంస్కరణలను, వాటి వెనుక వచ్చిన విదేశీ కంపెనీలను తలచుకోవడం మనకు అలవాటు. తిరువళ్ళూరు జిల్లాను కొంత దగ్గరగా చూస్తే ఆ కాలనిర్ణయం చాలదని మాకు తోస్తుంది. ఈ నేల లోకపు అంగడికి ఎక్కడం ఇది మొదటిసారి కాదు.

జిల్లా తూర్పు కొసన ఉన్న పులికాట్ మన పెద్దలకు ప్రళయకావేరి, తమిళులకు పళవేర్కాడు. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి తరలేదాకా కోరమాండల్ తీరంలో వారి వ్యాపారానికి ఆ ఊరే ముఖ్యస్థానం. యూరపు సరుకుకు తూర్పు దీవుల్లో పెద్దగా గిరాకీ లేదు. అక్కడివారు కోరింది మన తీరపు బట్ట. అది ఇస్తేనే లవంగం, జాజికాయ, మిరియం దొరికేవి. ఆమ్‌స్టర్‌డాంలో సుగంధద్రవ్యాలు అమ్మి గడించిన లాభం వెనుక లోపలి పల్లెల మగ్గం ఉందన్నమాట. నేటికీ మలేషియా, ఇండొనీషియాల్లో మగవారు కట్టుకునే గళ్ళ లుంగీని ‘కైన్ పెలికాట్’ అంటారు. ఊరు చిన్నదైపోయింది గాని దాని పేరు సముద్రానికి అవతల బతికే ఉంది.

ఈ వ్యాపారంలో మనవారి పాత్రకు డచ్చి కాగితాలే సాక్ష్యం. వాటిలో మలయ అన్న పేరుతో కనిపించే ఆస్త్రప్ప చెట్టి, అతని సోదరుడు చిన్నన్న చెట్టి తెలుగు బలిజ వర్తకులు. డచ్చివారికి బట్ట సమకూర్చడంతో ఆగక సొంత ఓడలు నడిపారు, శిస్తుల గుత్తలు పట్టారు. ఈ చరిత్రను గర్వంగా చెప్పుకునేవారు రెండో పుటను కూడా చదవాలి. కరువుకాలంలో అమ్ముడుపోయిన మనుషులను బానిసలుగా బతావియా ఓడలెక్కించింది కూడా ఆ తీరంనుంచే.

ఇక రెండో ఘట్టం గీతలది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. 1953లో జిల్లాతోపాటు ఆంధ్రరాష్ట్రానికి వచ్చింది. మ.పొ. శివజ్ఞానం నాయకత్వాన సాగిన ఉత్తర సరిహద్దు ఉద్యమం, దరిమిలా పటాస్కర్ సిఫారసులు, 1959 నాటి సరిహద్దు చట్టం కలిసి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగాన్ని మద్రాసు రాష్ట్రానికి చేర్చాయి. బదులుగా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల గ్రామాలు కొన్ని, సత్యవేడు ప్రాంతం, ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన ఊరు, ఆయన పదవిలో ఉండగానే రాష్ట్రం మారింది! గీతకు ఆధారం గ్రామంలో ఎక్కువమంది మాట్లాడే భాష. ప్రతి గ్రామంలోనూ మిగిలిపోయిన తక్కువమంది సంగతి ఏ గీతా తేల్చలేదు.

నేటి పెట్టుబడి ఈ గీతను చదివే తీరు వేరు. తెలుగు నేల అని ఇటు వచ్చిన సత్యవేడు వైపునే 2008లో శ్రీసిటీ వెలిసింది. 2016లో ఇసుజు వాహనాల కర్మాగారం అక్కడ పని ప్రారంభించింది. కంపెనీలకు కావలసింది చెన్నై రేవు దగ్గరగా ఉండడం, భూమి, పన్ను రాయితీలు. రెండు రాష్ట్రాలు పోటీపడి ఇస్తే వారికి సరిహద్దు అడ్డు కాదు, బేరానికి అనువు. ఆ బేరం ఎంత అస్థిరమో పొరుగున ఉన్న శ్రీపెరుంబుదూరు చూపింది. 2006లో మొదలైన నోకియా సెల్‌ఫోన్ల కర్మాగారం 2014 నవంబరులో మూతపడి వేలాదిమంది యువతీయువకులు వీధిన పడ్డారు. 2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్ కార్మికురాళ్ళ వసతిగృహంలో ఆహారం విషమై 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. తోటి స్త్రీలు చెన్నై-బెంగుళూరు రహదారిపై బైఠాయించిన తరువాతే వారి గదులు ఎంత ఇరుకో లోకానికి తెలిసింది. అమెరికాలో అమ్ముడుపోయే ఫోను, పల్లెనుంచి వచ్చిన పిల్ల పడుకునే చాప ఒకే గొలుసులో రెండు కొసలు.

భాష మాటేమిటి? 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతినుంచి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. సరిహద్దు తెలుగు బడులు తరిగిపోవడానికి ఇదొక్కటే కారణమని మన సభల్లో తరచు వింటాం. మాకది సగం నిజంగానే కనిపిస్తుంది. చట్టం నిర్బంధించింది తమిళాన్ని. తల్లిదండ్రులు తమంతట తాము వెతుక్కున్నది ఇంగ్లీషు మీడియాన్ని. కంపెనీ గేటు దగ్గర రెండోదే పనికొస్తుందని వారికి తెలుసు. సరిహద్దుకు అటు ఆంధ్రలోనూ తల్లిదండ్రుల లెక్క ఇదే కదా.

తిరుత్తణి, పళ్ళిపట్టు, పొన్నేరి ప్రాంతాలనుంచి వచ్చిన మన విద్యార్థులకు ఇందులో పని ఉంది. ఆ ఊళ్ళలో షిఫ్టు బస్సెక్కే అమ్మాయి ఇంట్లో ఏ మాట, బస్సులో ఏ మాట, యంత్రం ముందు ఏ మాట వాడుతుందో ఒక్క వారంపాటు విని రాసుకోవచ్చు. 1960కి ముందు బడికి వెళ్ళిన అవ్వాతాతలు ఇంకా కొందరున్నారు. వారు ఏ పలక మీద ఏ లిపి దిద్దారో అడగవలసినది వచ్చే సెలవుల్లోనే.