పాఠశాలల్లో బలం పాఠం: చరిత్ర

బలం అంటే ఏమిటో, అది వస్తువుల చలనాన్ని ఎలా మారుస్తుందో బడిపిల్లలకు నేర్పే పద్ధతులు సుమారు మూడు శతాబ్దాలుగా రూపుదిద్దుకుంటూ వచ్చాయి. మొదట గురువు చేసి చూపే ప్రదర్శనలు, తర్వాత విద్యార్థులే చేసే ప్రయోగాలు, ఇటీవలి దశాబ్దాల్లో పిల్లల మనసులో ముందే ఉన్న అభిప్రాయాలపై చర్చ ఈ చరిత్రలోని ప్రధాన దశలు.

నేపథ్యం

వస్తువు కదులుతూ ఉండాలంటే దాన్ని ఏదో ఒకటి నెడుతూనే ఉండాలని క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ భావించాడు. విసిరిన చెయ్యి వస్తువులోకి ఒక చోదకశక్తిని ఎక్కిస్తుందని 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపొనస్, 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ వాదించారు. గెలీలియో 1638 నాటి గ్రంథం, న్యూటన్ 1687లో ప్రచురించిన ప్రిన్సిపియా ఈ ఆలోచనలను తిరగరాశాయి. బలం చలనాన్ని కొనసాగించదు, మారుస్తుంది. ఈ ఒక్క మాటను పిల్లలకు ఒప్పించడమే బలం పాఠంలో అసలు కష్టం.

ప్రదర్శనల నుంచి ప్రయోగశాలకు

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో స్‌గ్రావెసాండే 1720 ప్రాంతంలో న్యూటన్ సిద్ధాంతాలను పరికరాలతో చూపుతూ బోధించాడు. కేంబ్రిడ్జికి చెందిన జార్జ్ అట్‌వుడ్ 1784లో వర్ణించిన కప్పీ యంత్రంలో రెండు బరువులు ఒకే తాడుకు వేలాడతాయి. వాటి తేడా తక్కువగా ఉంటే చలనం నెమ్మదిగా సాగుతుంది కాబట్టి త్వరణాన్ని తేలిగ్గా కొలవవచ్చు. ఈ యంత్రం తర్వాతి కాలంలో కళాశాల ప్రయోగశాలల్లో స్థిరపడింది.

1880ల చివర హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన ప్రవేశార్థుల కోసం 40 భౌతికశాస్త్ర ప్రయోగాల జాబితాను ప్రకటించింది. దాన్ని రూపొందించినవాడు ఎడ్విన్ హాల్. దాంతో అమెరికా ఉన్నత పాఠశాలల్లో ప్రయోగశాలలకు ప్రాధాన్యం పెరిగింది. 1956లో ఎం.ఐ.టి.లో ఏర్పడిన భౌతికశాస్త్ర అధ్యయన సంఘం పాఠ్యపుస్తకంతో పాటు చవక పరికరాలు, సినిమాలు తయారుచేసింది. ఘర్షణ దాదాపు లేకుండా జారే బిళ్లలతో జడత్వాన్ని చూపించడం వాటితో చేసే ప్రదర్శనల్లో ఒకటి. బ్రిటన్‌లో 1962లో మొదలైన నఫీల్డ్ పథకం కూడా ఇదే దారి పట్టింది.

పిల్లల అభిప్రాయాలు

ప్రయోగాలు పెరిగినా అపోహలు పోలేదని 1970ల నుంచి పరిశోధనలు తేల్చాయి. పైకి ఎగరేసిన నాణెం మీద, అది పైకి పోతున్నంతసేపూ పైవైపు బలం పనిచేస్తుందని ఇంజనీరింగ్ విద్యార్థులు సైతం చాలామంది నమ్ముతున్నట్టు జాన్ క్లెమెంట్ 1982లో చూపాడు. ఇది శతాబ్దాల కిందటి చోదకశక్తి వాదానికి దగ్గరి ఆలోచనే.

అదే ఏడాది అమెరికా ఉపాధ్యాయుడు జిమ్ మిన్‌స్ట్రెల్ బల్ల మీది పుస్తకం పాఠాన్ని వివరించాడు. బల్ల పుస్తకాన్ని పైకి నెడుతుందంటే విద్యార్థులు ఒప్పుకోరు, అడ్డుగా ఉందంతే అంటారు. అందుకని ఆయన పుస్తకాన్ని ముందు అరచేతిలో పెట్టించాడు, తర్వాత స్ప్రింగు మీద ఉంచాడు. చివరకు బల్ల మీద బరువు పడితే అదీ కాస్త వంగుతుందని కాంతి కిరణం సాయంతో చూపాడు. చేతికి తెలిసిన శ్రమ, స్ప్రింగు నొక్కుకుపోవడం, బల్ల వంగడం వరుసగా చూశాక, బల్ల పైకి నెట్టే ఈ బలం (అభిలంబ బలం) అర్థమవుతుంది.

1992లో డేవిడ్ హెస్టెనెస్ బృందం బల భావనలను పరీక్షించే ఒక ప్రశ్నావళిని ప్రచురించింది. లెక్కలు సరిగ్గా చేసే విద్యార్థులు కూడా అందులో తడబడటంతో, కళాశాలల్లో ఉపన్యాస పద్ధతి మీదే ప్రశ్నలు లేచాయి.

భారతదేశంలో

మొదటి పదేళ్ల చదువులో విజ్ఞానశాస్త్రం తప్పనిసరి కావాలని కొఠారీ కమిషన్ (1964–66) సిఫారసు చేసింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, ప్రయోగం చేసి తామే నిర్ధారణకు వచ్చే పద్ధతిని గ్రామీణ బడులకు తెచ్చింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

పాఠ్యక్రమంలో స్థానం

2013 నాటి అమెరికా విజ్ఞాన ప్రమాణాలు నెట్టడం, లాగడం అనే అనుభవాలను కిండర్‌గార్టెన్‌లోనే పెట్టాయి. తెలుగు రాష్ట్రాల్లో 8వ తరగతి పిల్లలు స్పర్శా బలాలు, క్షేత్ర బలాలు, ఘర్షణ చదువుతారు. ద్రవ్యరాశి, త్వరణాలతో బలానికి ఉన్న సంబంధం 9వ తరగతి గమన నియమాల పాఠంలో వస్తుంది.