సూచి చలించిన క్షణము

మన యింటి రేడియో పలుకుటకు మూలమైన శాస్త్రసత్యము ఒక చిన్న ముల్లు కదలికతో బయటపడినది. 1820లో కోపెన్‌హేగన్ నగరమున ఆయిర్‌స్టెడ్ అను ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుట గమనించెను. అంతవరకు వేరువేరని తలచిన విద్యుత్తునకును అయస్కాంతమునకును చుట్టరికము కలదని దానితో తేలినది.

వెంటనే ఒక ప్రశ్న పుట్టినది. విద్యుత్తు అయస్కాంతశక్తిని కలిగించునప్పుడు, అయస్కాంతము విద్యుత్తును ఏల కలిగింపరాదు? దీనికి సమాధానము లభించుటకు 11 ఏండ్లు పట్టినది. అయస్కాంతము ప్రక్కన తీగను ఉంచి పలువురు వేచి చూచిరి. ప్రవాహము కానరాలేదు.

1825లో జెనీవాలో కొలాడన్ అను శాస్త్రజ్ఞుడు ఫలితమునకు మిక్కిలి చేరువకు వచ్చెను. పెద్ద అయస్కాంతము తన కొలత సాధనపు ముల్లును నేరుగా కదలింపకుండుటకై, ఆయన ఆ సాధనమును వేరొక గదిలో నుంచెను. అయస్కాంతమును తీగచుట్ట చెంతకు తెచ్చి, ఆవలి గదికి పోయి చూచెను. ముల్లు నిశ్చలముగా నున్నది. తాను తీసికొనిన జాగ్రత్తయే ఆయనకు అడ్డుపడినది.

లండనులో మైకేల్ ఫారడే కూడ ఇదే ప్రశ్నను వెంబడించుచుండెను. ఆయన కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చి, చేతికి వచ్చిన పుస్తకములను చదివి శాస్త్రము నభ్యసించెను. 1831 ఆగస్టు 29వ తేదీన ఆయన 6 అంగుళముల యినుప కడియమునకు ఇరువైపుల రెండు తీగచుట్టలు చుట్టెను. ఒక చుట్టకు బ్యాటరీ కలిపెను. రెండవ చుట్ట తీగ క్రింద, 3 అడుగుల దూరమున నున్న సూచి చలించి, కొంతసేపు ఊగి, తిరిగి నిలిచినది. బ్యాటరీని విడదీసినప్పుడు మరల చలించినది. నడుమ ప్రవాహము సాగుచున్నంతసేపును కదలలేదు.

రహస్యము ఇందే యున్నది. అయస్కాంతము ప్రక్కన ఉన్నంత మాత్రమున విద్యుత్తు పుట్టదు. దాని ప్రభావము పెరుగుచున్నప్పుడో తరుగుచున్నప్పుడో మాత్రమే పుట్టును. అక్టోబరు 17న ఫారడే అయస్కాంతపు కడ్డీని తీగచుట్టలోనికి త్రోసియు, బయటకు లాగియు ఈ సంగతిని స్థిరపరచెను. కొలాడన్ గది దాటి వచ్చునప్పటికే అక్కడ మార్పు ముగిసినది.

తరువాత మాక్స్‌వెల్ 1865లో ఈ సత్యములను గణితసూత్రములలో కూర్చి, విద్యుదయస్కాంత తరంగములు ఉండవలెనని చూపెను. హెర్ట్జ్ 1887, 1888 సంవత్సరములలో వానిని ప్రయోగశాలలో పుట్టించెను. రేడియోకు దారి ఏర్పడినది.

నేడు మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు ఫారడే కడియమునకు సంతతియే. మారని ప్రవాహము నిచ్చినచో అదియు పనిచేయదు. రేడియోలోని లౌడ్‌స్పీకరునందు, క్షణక్షణము మారు ప్రవాహము గల తీగచుట్ట అయస్కాంతము చెంత కంపించి, ఆయిర్‌స్టెడ్ చూచిన దానినే మన చెవులకు వినిపించుచున్నది. కొలాడన్ పరికరములలో లోపము లేదు. ముల్లు కదలినప్పుడు దాని చెంత చూచువారు లేకపోయిరి, అంతే.