కాల్డెకాట్ పతకం

అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు బొమ్మలు వేసేవారికి దక్కే అత్యంత ప్రతిష్ఠాత్మక పురస్కారం. 19వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్ పేరిట దీన్ని అమెరికా గ్రంథాలయ సంఘం బాలల విభాగం 1938 నుంచి ఏటా ఇస్తోంది. పిల్లల పుస్తకాలకు అప్పటికే ఉన్న న్యూబెరీ పతకం రచయితలదే. బొమ్మలు వేసినవారికీ అంతటి గౌరవం దక్కాలని పుస్తక ప్రచురణ రంగ ప్రముఖుడు ఫ్రెడరిక్ మెల్చర్ పట్టుబట్టాడు. న్యాయమైన కోరిక. తొలి విజేత డొరతీ లాత్రోప్. చిత్రకారులు అమెరికా పౌరులో, అక్కడ నివసించేవారో అయి ఉండాలి. మార్షియా బ్రౌన్, డేవిడ్ వీస్నర్ మూడేసిసార్లు గెలిచారు. వీస్నర్‌కు 2007లో పతకం తెచ్చిన ‘ఫ్లాట్సమ్’లో కథ చెప్పే వాక్యమే లేదు. సముద్రపు ఒడ్డున ఓ పిల్లవాడికి దొరికిన పాత కెమెరా, అందులోని ఫొటోలు, అవి చూపే సాగరగర్భపు వింతలు: అన్నీ బొమ్మలే చెబుతాయి. అక్షరాలు రాని పసివాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా ఈ కథను చదివేసుకోగలరు.